ఎండకు పాలు పడిపోయాయి, చీలేటెడ్ ఖనిజ మిశ్రమం కొనమంటున్నారు. నిజంగా పనిచేస్తుందా?

గుండ్లకమ్మ_రైతు
మాది మార్కాపురం దగ్గర పల్లె. పాలిచ్చేవి తొమ్మిది హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులు. మార్చి నెలాఖరుకు రెండు పూటలా కలిపి 92 లీటర్లు పోసేవాళ్లం. ఈ వారం 64కు దిగింది. వెన్న శాతం 3.9 ఉండేది, నిన్నటి చీటీలో 3.2. ఉదయం పదకొండు కాకముందే అన్నీ లేచి నిలబడతాయి. నాలుక చాపి రొప్పుతుంటే చొంగ తీగలు సాగి గాడిలో పడుతోంది. దాణా సగం మిగిలిపోతోంది.

మందుల దుకాణంలో అడిగితే జింకు, రాగి, సెలీనియం, క్రోమియం కలిపిన చీలేటెడ్ (ఖనిజాలను అమైనో ఆమ్లం లాంటి వాటితో కట్టి ఉంచిన) పొడి చూపించాడు. కిలో 420 రూపాయలు, ఆవుకు రోజుకు 30 గ్రాములు, వారంలో పాలు తిరిగి వస్తాయన్నాడు. తొమ్మిదింటికి రోజుకు 113 రూపాయలు పడుతుంది. మామూలు ఖనిజ లవణ మిశ్రమం నాలుగేళ్లుగా వేస్తూనే ఉన్నాను. మళ్లీ ఇది కూడా అవసరమా? వాడినవాళ్లు చెప్పండి.

తూర్పుకాలువ
ఎండ తగ్గకుండా వారంలో పాలు తెచ్చే పొడి ఏదీ లేదు. ఆ డబ్బుతో పంకాలు పెట్టండి.

ముర్రా_మురిపెం
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. నేను రెండేళ్లుగా చీలేటెడ్ వాడుతున్నాను. పాలు పెరిగాయని చెప్పను. కానీ అంతకు ముందు వేసవిలో ఐదింటికి పొదుగు వాపు వచ్చింది, పోయిన వేసవిలో ఒక్కదానికే వచ్చింది. గిట్టలు కూడా గట్టిపడ్డాయి.

తూర్పుకాలువ
మీరు అదే ఏడాది షెడ్డు నేల మార్చి రబ్బరు పరుపులు వేశామని ఇక్కడే రాశారు కదా?

ముర్రా_మురిపెం
నిజమే, వేశాను. రెండూ కలిసి పనిచేసి ఉంటాయి. అయినా పొడి ఆపి చూసే ధైర్యం నాకు లేదు.

ఒంగోలు_గిత్త
మా తాత ఏ పొడీ వేయలేదు. ఇంట్లో ఒంగోలు ఆవులు ఎర్రటి ఎండలో మేసి వచ్చి, చెట్టు కింద నెమరు వేసుకుంటూ పడుకునేవి. చలి దేశపు ఆవును తెచ్చి మన ఎండలో కట్టేసి, ఇప్పుడు జింకు కావాలి, క్రోమియం కావాలి అంటున్నాం.

వెన్నశాతం
ఒంగోలు జాతి ఎండకు తట్టుకుంటుందన్న మాట ఎవరూ కాదనరు. కానీ ఆయన ఇంట్లో ఉన్నవి సంకర ఆవులు, వాటి మీద బ్యాంకు అప్పు ఉంది. ఈ మే నెల వాటితోనే గడవాలి. పాల కేంద్రంలో పరీక్ష చేసేవాడిగా ఒక మాట చెబుతాను: ప్రతి వేసవీ వెన్న పడుతుంది, కానీ 3.9 నుంచి 3.2కు ఒక్కసారిగా పడితే అది ఎండ ఒక్కటే కాదు, కడుపులో పులుపు కూడా పెరిగినట్టు.

పశువైద్యురాలు
వెన్నశాతం గారు సరైన చోట పట్టుకున్నారు. ఆవు రొప్పినప్పుడు ఒంట్లోని కార్బన్ డయాక్సైడు అవసరానికి మించి బయటకు పోతుంది. రక్తం క్షారం వైపు తిరుగుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు బైకార్బొనేటును మూత్రంలో వదిలేస్తాయి. మరోవైపు పెద్దపొట్టలో పుట్టే ఆమ్లాన్ని చల్లార్చవలసిన లాలాజలం చొంగగా నేలపాలవుతుంది. గడ్డి తినడం తగ్గుతుంది, నెమరు తగ్గుతుంది, తినే కాస్తలో దాణాకే ముందు మొగ్గుతుంది. వెన్న పడిపోవడానికి దారి ఇదే. దీనికి జింకు, సెలీనియం మందు కావు. వంట సోడా ఆవుకు రోజు మొత్తానికి 100 నుంచి 150 గ్రాములు, రెండు పూటలకు పంచి దాణాలో కలపండి, ఉప్పు 40 గ్రాముల వరకు పెంచండి.

ఇక సూక్ష్మ ఖనిజాల సంగతి. అవి అవసరమే, కానీ వాటి పని వేరు. వేడిలో కణాలకు జరిగే నష్టాన్ని తట్టుకునే ఎంజైములకు సెలీనియం, రాగి, జింకు, మాంగనీసు కావాలి. చనుమొనల రంధ్రాన్ని మూసి ఉంచే కెరటిన్‌కు, గిట్టకు, పేగు లోపలి పొరకు జింకు కావాలి. వేడిలో రక్తం ఒంటిని చల్లబరచడానికి చర్మం వైపు మళ్లుతుంది, పేగుకు సరఫరా తగ్గి ఆ పొర దెబ్బతింటుంది. అందుకే వేసవిలో లోపం ఉన్న ఆవు, లోపం లేని ఆవు ఒకేలా ఉండవు.

అయితే మీరు ఏమి వేస్తున్నారో తెలియకుండా కొత్త డబ్బా కొనమనలేను. పాత మిశ్రమం సంచి మీద జింకు, రాగి ఎంత శాతం అని రాసి ఉంది? రోజుకు ఎన్ని గ్రాములు వేస్తున్నారు? నీళ్లు ఎక్కడివి, తొట్టి ఎండలో ఉందా, నీడలో ఉందా? ఆవుల నల్ల మచ్చల మీద వెంట్రుకల రంగు ఎలా ఉంది?

గుండ్లకమ్మ_రైతు
డాక్టరమ్మ గారూ, సంచి తీసి చూశాను. "జింకు, రాగి, కోబాల్టు, అయోడిన్ కలిగినది" అని ఉంది, అంకెలు లేవు. నేను వేసేది పిడికెడు. నీళ్లు బోరువి, 480 అడుగులు. తొట్టి షెడ్డు బయట ఉంది, మధ్యాహ్నం చెయ్యి పెడితే స్నానానికి కాచిన నీళ్లలా ఉంటాయి. తొట్టి గోడలకు తుప్పు రంగు చార కడుతుంది, నెలకోసారి పీచుతో రుద్దాలి.

వెంట్రుకల సంగతి మీరు అడిగాకే చూశాను. రెండు ఆవులకు బుగ్గల మీద, మూపు మీద నలుపు పోయి ఇటుక పొడి చల్లినట్టు ఉంది. ఎండకు కమిలిందేమో అనుకున్నాం.

నల్లరేగడి
అంకెలు లేని సంచిని నమ్మకండి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1664 ప్రకారం ఉప్పు లేని రకంలో జింకు 0.8 శాతం, రాగి 0.1 శాతం, ఫాస్ఫరస్ 12 శాతం ఉండాలి. ఫ్లోరిన్ 0.07 శాతం దాటకూడదు. మాది నల్లగొండ జిల్లా, ఈ చివరి అంకె మాకు ప్రాణం మీదికి వస్తుంది. నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్ చాలదన్నట్టు, శుద్ధి చేయని రాతి ఫాస్ఫేటు కలిపిన చవక మిశ్రమం ఒకప్పుడు మూడేళ్లు వాడాం. దూడల పళ్లు గోధుమ రంగుకు మారి అరిగిపోయాయి. ఒక పెయ్య మేత నమలలేక నోట్లోనే ఉంచుకునేది.

కొత్తపాడి
జింకు అంత ముఖ్యమైతే, వరికి చల్లగా మిగిలిన జింకు సల్ఫేటు సంచి మా ఇంట్లో సగం ఉంది. అందులో 21 శాతం జింకు. రోజుకు రెండు గ్రాములు దాణాలో వేస్తే 420 మిల్లీగ్రాములు వస్తుంది. కిలో 420 రూపాయల పొడి ఎందుకు?

పశువైద్యురాలు
లెక్క సరిగ్గానే ఉంది తమ్ముడూ, కానీ వేయవద్దు. ఎరువుగా అమ్మే జింకు సల్ఫేటులో సీసం, కాడ్మియం మేతకు పనికిరానంత ఉండవచ్చు. అవి పశువు కాలేయంలో, మూత్రపిండాల్లో పేరుకుపోతాయి. మేతకు వాడే రకం శుద్ధి వేరు, ధర కూడా మరీ ఎక్కువ కాదు. ఆ సంచి మడికే ఉంచండి. ఇంకో సంగతి, మన నేలల్లో జింకు తక్కువ కాబట్టే వరికి చల్లుతున్నాం. ఆ నేల నుంచి వచ్చిన గడ్డి తినే ఆవుకు జింకు ఎక్కడి నుంచి వస్తుంది? మీకు ఆ ఆలోచన రావడం మాత్రం మంచిదే.

తూర్పుకాలువ
మావైపు ఒకాయన మైలుతుత్తం (రాగి సల్ఫేటు) కుడితిలో కలిపి తాగించాడు, రాగి లోపమని ఎవరో చెప్పారట. ఆవు రెండు రోజులు మేత ముట్టలేదు. బతికింది, అంతే.

గొర్రెలమంద
రాగి మాట వచ్చింది కాబట్టి ఇది తప్పక రాయాలి. ఆవులతో పాటు గొర్రెలు కూడా ఉన్నవాళ్లు జాగ్రత్త. మూడేళ్ల క్రితం ఆవుల గాడిలో మిగిలిన మిశ్రమం కలిపిన దాణా వృథా ఎందుకని గొర్రెలకు పోశాం, రెండు నెలలు రోజూ. ఒక వారంలో నాలుగు చనిపోయాయి. కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది. పాము కుట్టిందనుకున్నాం. కోసి చూసిన డాక్టరు గారు కాలేయంలో రాగి నిండిపోయిందన్నారు. ఆవుకు కావలసిన రాగి గొర్రెకు విషం. మా ఇంటావిడ ఆ నాలుగింటిలో ఒకదాన్ని సీసా పాలతో పెంచింది. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే లేచి లోపలికి వెళ్లిపోతుంది.

ముర్రా_మురిపెం
అయ్యో. ఇది నాకు తెలియదు. మా గేదెల పక్కనే పది మేకలు ఉన్నాయి, ఈరోజే గాడి వేరు చేస్తాను.

పశువైద్యురాలు
గొర్రెలమంద గారు రాసింది అక్షరాలా నిజం. మేకలు గొర్రెలకంటే రాగిని కొంత ఎక్కువ తట్టుకుంటాయి, అయినా వేరు చేయడమే మేలు.

గుండ్లకమ్మ_రైతు గారికి: మీ తొట్టికి కట్టే తుప్పు చార నీళ్లలో ఇనుము ఎక్కువని చెబుతోంది. ఆ ఇనుము పేగులో రాగిని, జింకును ఒంటికి పట్టనివ్వదు. నల్ల వెంట్రుకలు ఇటుక రంగుకు తిరగడం రాగి లోపానికి బాగా తెలిసిన గుర్తు. ఎండకు కూడా కొంత వెలుస్తుంది కాబట్టి తొందరపడి తేల్చను, కానీ నీళ్లు, వెంట్రుకలు రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి. నీళ్ల నమూనా పరీక్షకు ఇవ్వండి. బోరు నీటిని ముందు ఎత్తు ట్యాంకులోకి పైనుంచి ధారగా పడేలా వదిలి, రాత్రంతా నిలవనిచ్చి, అడుగున ఉన్నది తొట్టిలోకి రాకుండా పైనీళ్లు వదిలితే ఇనుము చాలావరకు అడుక్కు దిగుతుంది. దీనికి ఖర్చు ఒక పైపు ముక్కే.

వేడిలో ఆవు రోజుకు నూరు లీటర్లకు పైగా నీళ్లు తాగగలదు. ఆ నీళ్లు కాగి ఉంటే తాగదు. తాగకపోతే తినదు. తొట్టిని నీడలోకి మార్చడం మీరు చేయగలిగిన మొదటి వైద్యం.

వెన్నశాతం
పిడికెడు అంటే ఎంతో ఒకసారి తూచి చూడండి. మా కేంద్రానికి వచ్చేవాళ్లలో పదిమంది చేత పిడికెడు తీయించి తూచాను, 18 నుంచి 45 గ్రాముల దాకా వచ్చింది.

గుండ్లకమ్మ_రైతు
తూచాం. నాది 31, మా ఆవిడది 22. పొద్దున దాణా కలిపేది ఆవిడే. అదీ ఒక్క పూటే. అంటే ఆవుకు రోజంతా 22 గ్రాములు. అందులో సగం దాణా గాడిలో మిగులుతోంది!

తూర్పుకాలువ
ఇక మీ ఆవులకు నాలుగేళ్లుగా మిశ్రమం అందుతోందని ఎలా అంటాం?

పశువైద్యురాలు
అందరి ఇళ్లలో జరిగేదే ఇది. లెక్క చూడండి. పది లీటర్ల ఆవు రోజుకు 12 కిలోల ఎండు పదార్థం (మేతలో నీరు తీసేస్తే మిగిలేది) తింటుందనుకుందాం. కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున దానికి 600 మిల్లీగ్రాముల జింకు కావాలి. గడ్డి, తవుడు, చెక్క కలిపి కిలోకు 30 వస్తే 360 అందుతుంది. ప్రమాణం ప్రకారం ఉన్న మిశ్రమం 50 గ్రాములు వేస్తే ఇంకో 400. సరిపోతుంది. ఇప్పుడు ఎండ దెబ్బకు మేత తొమ్మిది కిలోలకు తగ్గింది, మిశ్రమం 22 గ్రాములు, అందులో సగం గాడిలో. కావలసిన దానిలో సగానికి కాస్త పైన ఆగిపోతుంది. పైగా జింకు ఒంట్లో పెద్దగా నిల్వ ఉండదు, ఏ రోజుది ఆ రోజు అందాలి. రాగి అలా కాదు, కాలేయంలో దాచుకుంటుంది, అందుకే దాని లోపం నెమ్మదిగా బయటపడుతుంది, తీరడానికీ నెలలు పడుతుంది.

కాబట్టి నా సలహా: అంకెలు రాసి ఉన్న మామూలు మిశ్రమం కొనండి. ఆవుకు రోజు మొత్తానికి 50 గ్రాములు తూచి, చల్లని పూట తినే దాణాలో కలపండి. దాణా తెల్లవారుజామున నాలుగున్నరకు ఒకసారి, రాత్రి ఏడు తర్వాత ఒకసారి పెడితే మిగలదు. ఆరు వారాలు అలా చేశాక ఆలోచిద్దాం చీలేటెడ్ గురించి.

ముర్రా_మురిపెం
ఇక్కడ మీతో ఒప్పుకోలేను డాక్టరమ్మ గారూ. నీళ్లలో ఇనుము ఉందని మీరే అన్నారు. అలాంటి చోటే కదా చీలేటెడ్ పనికొచ్చేది? అమైనో ఆమ్లంతో కట్టి ఉంచిన జింకును, రాగిని ఇనుము అంత తేలిగ్గా అడ్డుకోలేదు.

పశువైద్యురాలు
మీ వాదనలో బలం ఉంది. అడ్డుపడే ఖనిజాలు ఎక్కువున్న చోట చీలేటెడ్ వైపు మొగ్గు ఉంటుంది. పరిశోధనల్లో మాత్రం ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా లేవు. పొదుగు, గిట్టల విషయంలో కొన్నింటిలో మేలు కనిపించింది, పాల దిగుబడిలో అంత స్పష్టంగా లేదు. ఇనుమును నీళ్లలోనే వదిలేసి పొడి మార్చడం కంటే ముందు నీళ్లు బాగుచేయడం చవక. ఆ తర్వాత కూడా లోపం కనిపిస్తే, మిశ్రమంలో మూడో వంతు చీలేటెడ్‌తో మార్చండి. నాకు అభ్యంతరం లేదు.

తులేర్_తెలుగువాడు
కాలిఫోర్నియాలో తులేర్ జిల్లాలో పెద్ద డెయిరీల మేత లెక్కలు చూస్తాను. ఇక్కడా వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆవులు తట్టుకుంటాయంటే కారణం ఖనిజాలు కాదు. గాడి పొడవునా నీళ్ల జల్లు, వెనుక పంకాలు, అన్నింటికంటే ముఖ్యంగా రాత్రి చల్లబడడం. రాత్రి గాలి చల్లగా ఉంటే ఆవు పగలు నింపుకున్న వేడిని వదిలేస్తుంది. మా అమ్మగారి ఊరు కాకినాడ దగ్గర. అక్కడ మేలో అర్ధరాత్రి కూడా ఒళ్లు జిగటగానే ఉంటుంది. ఆవుకూ అంతే.

సెలీనియం గురించి ఒక హెచ్చరిక. ఇక్కడ మేతలో కలిపే సెలీనియం 0.3 పీపీఎం (కిలో మేతకు 0.3 మిల్లీగ్రాములు) దాటకూడదని ప్రభుత్వ నిబంధన. అవసరానికీ విషానికీ మధ్య దూరం అంత తక్కువ. క్రోమియం ప్రొపియోనేటు రూపంలో కలిపే క్రోమియానికి కూడా 0.5 పీపీఎం హద్దు ఉంది. డబ్బా మీద ఎంత ఉందో రాయకుండా "సెలీనియం ఉంది" అని అమ్మితే ముట్టుకోకండి.

నల్లరేగడి
పంజాబులో హోషియార్‌పూర్ వైపు కొన్ని నేలల్లో సెలీనియం ఎక్కువ. అక్కడ పశువుల గిట్టలు పగిలి ఊడిపోవడం చదివాను. మన దగ్గర తక్కువ ఉందో ఎక్కువ ఉందో చూడకుండా సూదులు వేయించేవాళ్లు ఉన్నారు.

కొత్తపాడి
పొటాషియం సంగతేమిటి? చెమటలో పోతుందని విన్నాను. అది కూడా కొనాలా?

పశువైద్యురాలు
ఆవు చెమటలో పొటాషియం పోతుంది, నిజమే. కానీ పచ్చ నేపియర్‌లో అది పుష్కలంగా ఉంటుంది, వరిగడ్డిలోనూ ఉంటుంది. రోజుకు పదిహేను ఇరవై కిలోల పచ్చమేత పెట్టగలిగితే కొనవలసిన పని లేదు. పొలానికి వేసే పొటాషు వేయాలా అని అడగబోతున్నారు, వద్దు!

కొత్తపాడి
అడగబోతున్నది అదే, ఎలా పట్టుకున్నారు!

తూర్పుకాలువ
కోస్తావాళ్లకు ఒక మాట. తేమ ఎక్కువున్న రోజు పంకా లేకుండా నీళ్లు మాత్రం చల్లితే షెడ్డు ఇడ్లీ పాత్ర అవుతుంది. చర్మం దాకా తడిసేలా పోయాలి, తర్వాత గాలి తగలాలి. గేదెలకు ఈ గొడవ లేదు, చెరువు చాలు. మా ముర్రాలు దిగితే పిలిచినా రావు. సాయంత్రం పాల వేళకు మా అబ్బాయి గట్టు మీద తవుడు బకెట్టు మోగిస్తేనే తలలు తిప్పుతాయి.

ఒంగోలు_గిత్త
మా తాత మాట మళ్లీ ఎత్తుతున్నానని అనుకోకండి. ఈ చర్చ అంతా చదివాక ఒకటి గుర్తొచ్చింది. ఆయన ఆవులు రోజంతా కంచెల్లో, గట్ల మీద, తుమ్మ, రేగు, అవిసె, పది రకాల ఆకులు మేసేవి. మూడు లీటర్లు ఇచ్చేవి. ఇప్పుడు పదిహేను లీటర్ల ఆవుకు వరిగడ్డి, ఒక రకం పచ్చగడ్డి, సంచి దాణా. లీటరు పాలతో పాటు ఒంట్లోంచి ఎంత పోతుందో లెక్క వేస్తే, తాత పొడి వేయలేదన్న నా మాట సరికాదు. ఆయన వేయలేదు, కంచె వేసింది.

పశువైద్యురాలు
లీటరు పాలతో జింకు ఒక్కటే దాదాపు నాలుగు మిల్లీగ్రాములు పోతుంది. అవిసె ఆకు ఇప్పటికీ పెట్టవచ్చు. గట్టు మీద నాలుగు చెట్లు వేసుకోండి.

గుండ్లకమ్మ_రైతు
మృగశిర కార్తె వచ్చింది, రెండు వానలు పడ్డాయి, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. తొట్టిని వేపచెట్టు కిందికి మార్చాం. ట్యాంకు అడుగు నుంచి జానెడు పైన పైపు పెట్టించాను. మొదటి వారం ట్యాంకు కడిగితే అడుగున ఎర్ర బురద రెండు బకెట్లు వచ్చింది. సోడా, ఉప్పు మొదలుపెట్టిన పది రోజులకు వెన్న 3.6కు ఎక్కింది. దాణా వేళలు మార్చాక గాడిలో మిగలడం లేదు. మధ్యాహ్నం గోనె సంచులు తడిపి కిటికీలకు కడుతున్నాం, రెండు పంకాలు పెట్టాం. పాలు 64 నుంచి వానలకు ముందే 73కు, ఇప్పుడు 81కి వచ్చాయి.

మిశ్రమం అంకెలు ఉన్నది కొన్నాం, ఐదు వారాలైంది. దాని వల్ల ఎంత, నీళ్ల వల్ల ఎంత అంటే చెప్పలేను. ఆ రెండు ఆవుల బుగ్గలు ఇంకా ఇటుక రంగులోనే ఉన్నాయి. కానీ కిందికి వంగి చూస్తే కుదుళ్ల దగ్గర నువ్వుగింజంత నలుపు మొలుస్తోంది. మా ఆవిడే మొదట చూసింది. ఇప్పుడు మిశ్రమం తూచేది ఆవిడే, వెండి కొట్టువాళ్లు తీసేసిన చిన్న తక్కెడతో.

ముర్రా_మురిపెం
ఆ నువ్వుగింజంత నలుపు ఫొటో పెట్టండి అన్నా, మా ఊళ్లో చూపిస్తాను. ఆ చీలేటెడ్ డబ్బా కొన్నారా చివరికి?

గుండ్లకమ్మ_రైతు
కొనలేదు. ఆరు వారాలు నిండనివ్వండి. ఒక సందేహం మిగిలింది డాక్టరమ్మ గారూ. ఒక ఆవు వట్టిపోయింది, ఆగస్టు మొదటి వారంలో ఈనుతుంది. దానికి కూడా ఇవన్నీ పెట్టాలా?

పశువైద్యురాలు
పాలు ఇవ్వడం లేదని దాన్ని ఎండలో కట్టేయకండి. వట్టిపోయిన కాలంలో వేడి తగిలిన ఆవు ఈనిన తర్వాత కూడా తక్కువ పాలు ఇస్తుందని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చాలాసార్లు చూశారు. పంకా కింద చోటు దానికీ ఇవ్వండి. మిశ్రమం ఆపకండి, మాయ సకాలంలో పడడానికి సెలీనియం, ఇ విటమిన్ ఇప్పుడే అందాలి. ఆ రెండింటి మోతాదు మీ ఊరి పశువైద్యుడే చెప్పాలి. వంట సోడా మాత్రం ఈనడానికి మూడు వారాల ముందు పూర్తిగా ఆపండి, లేకపోతే ఈనగానే పాల జ్వరం (రక్తంలో కాల్షియం పడిపోయి ఆవు కూలబడడం) వచ్చే ప్రమాదం ఉంది. అంటే జూలై పదో తేదీకల్లా దాని దాణా వేరే బకెట్టులో కలపమని ఇంట్లో చెప్పండి.

గుండ్లకమ్మ_రైతు
చెప్పాను. బకెట్టుకు ఎర్ర గుడ్డ కట్టింది.